కలుపుమొక్కకు మూడేళ్ల కాపలా

వ్యవసాయ పరిశోధన ఫారాల్లో ఉద్యోగానికి చేరిన కుర్రకారు అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి, మీ సర్వీసులో నేర్చుకున్నది చెప్పండి సార్ అంటుంటారు. నాకు వచ్చిన ప్రమోషన్లు రెండు. రెండూ ఆలస్యంగా వచ్చాయి. వాటి గురించి మాట్లాడితే నాకే ఆవలింతలొస్తాయి. అందుకని వాళ్లకు నేను చేసిన అతిపెద్ద తప్పు గురించి చెప్తాను. అది చెప్పినప్పుడు మాత్రం ఎవరూ ఫోన్ చూసుకోరు.

మాది బోనకల్ దగ్గర పల్లె. అగ్రికల్చర్ డిప్లొమా చేసి, పొగాకు మీద పరిశోధన చేసే ఒక సంస్థలో ఫీల్డ్ అసిస్టెంటుగా చేరాను. సంస్థ పేరు చెప్పను, పెన్షన్ తింటున్నవాణ్ని. సర్వీసు చివరి భాగమంతా బూర్గంపాడుకూ మణుగూరుకూ మధ్య, అడవి అంచున ఉన్న చిన్న ఫారంలో గడిచింది. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి, ముందు బొగ్గు లారీలు తిరిగే రోడ్డు. పొద్దున తెల్లచొక్కా వేసుకుంటే సాయంత్రానికి అది ఏ రంగో ఇంట్లోవాళ్లు కూడా చెప్పలేకపోయేవారు.

ఫీల్డ్ అసిస్టెంటు అంటే ఏమిటో ముందు తెలుసుకోండి. సైంటిస్టు ఆలోచిస్తాడు, కూలీలు పని చేస్తారు. మధ్యలో నిలబడి ఇద్దరికీ అర్థం కానివాడే ఫీల్డ్ అసిస్టెంటు.

నశ్యం లాంటి గింజలు

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో మా ఫారానికి కొత్త ఆఫీసరు వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి. చదువు గట్టిది, మాట తీయనిది, చొక్కా ఇస్త్రీ ఏనాడూ నలిగేది కాదు. మేమంతా పెద్దసారు అనేవాళ్లం. వచ్చిన మూడో వారంలో నన్ను గదిలోకి పిలిచి, వేలెడంత కాగితం పొట్లం చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే నశ్యం పొడిలాంటి గింజలు. తుమ్మితే పరిశోధన అయిపోతుంది.

అది అమెరికా ఎడారుల్లో పెరిగే అడవి పొగాకట. రాళ్ల సందుల్లో మొలుస్తుందట. ఏడాదికి ఒకటి రెండు వానలు పడితే చాలట. ఆకుల మీద జిగురుండి, వాలిన పురుగు వాలినట్టే అంటుకుపోతుందట. దాని మొండితనాన్ని మన పొగాకులోకి ఎక్కిస్తే, వాన మొహం చాటేసిన ఏడాది కూడా మన మెరక పొలాల్లో తోటలు నిలబడతాయి. అదీ పథకం. ఆలోచన మంచిదే. అందులో ఆయన్ను తప్పుపట్టను.

తప్పు ఆ తర్వాత మొదలైంది. శ్రావణంలో హైదరాబాద్ నుంచి పెద్దలు వస్తున్నారు, అప్పటికి మొక్కలు కనిపించాలి, కాబట్టి మృగశిరలోనే విత్తనం చల్లమన్నాడు. ఎడారి మొక్కను ముసురు కాలంలో చల్లడమేమిటని నాకు అనిపించింది. అనిపించింది గాని అనలేదు. ఇది నా సర్వీసులో చాలాసార్లు జరిగింది.

పన్నెండు కుండీలు పెట్టాం. అమెరికా అతిథి కదా అని మంచి మర్యాద చేశాం. చివికిన పశువుల ఎరువు, ఆకు ఎరువు, నల్లమట్టి, మా వెనక వాగు నుంచి తట్టలతో తెచ్చిన ఇసుక. గింజలు మొలిచాయి, ఆవగింజంత ఆకులు వేశాయి. తర్వాత మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున చూస్తే ప్రతి కుండీలోనూ నారు మొదలు కుళ్లి, తడిసిన వెంట్రుకల్లా నేలకు అంటుకుపోయి ఉంది. పొగాకు నారుమళ్లలో కుళ్లు తెగులు నేను వందసార్లు చూశాను. ఒక్క మొక్క మిగల్లేదు.

పెద్దసారుకు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. కొన్ని పడిపోయినయ్ సార్ అన్నాను. పది, పన్నెండు రోజులకు అవే కుండీల్లో కొత్తగా మొలకలు లేచాయి. బలంగా, పచ్చగా, ముసురును ముద్దుపెట్టుకుంటూ పెరిగాయి. పెద్దసారు వాటి ముందు గొంతుక్కూర్చుని, నా భుజం తట్టి, "చచ్చి బతికింది చూడవయ్యా నర్సయ్యా. ఎడారి మొక్కంటే ఇదీ" అన్నాడు. నేనూ సంతోషించాను. సంతోషం వచ్చినప్పుడు అది ఎక్కణ్నుంచి వచ్చిందని ఎవరడుగుతారు?

అడిగిన మనిషి ఒక్కతే. ముత్తమ్మ. ఫారం వెనక కోయ గూడెం ఆమెది. నేను రాకముందు నుంచే అక్కడ రోజుకూలీ. పని కలుపు తీయడం. నా డిప్లొమాలో నేర్పిన మొక్కల సంగతి ఆమె చేతికొడవలికి తెలిసిన దాంట్లో నాలుగోవంతు ఉండదు. కుండీల పక్కన గడ్డి పీకుతూ ఆగి, నన్ను పిలిచింది.

"సారు, గిది మా వాగుకాడ మొలిచేదే గదా. దీన్నెందుకు పెంచుతుండ్రు?"

నవ్వి, ఇది అమెరికాది ముత్తమ్మా అన్నాను.

"అమెరికల గూడ మొలుస్తదా గిది?" అని ఆశ్చర్యపోయి, మళ్లీ గడ్డిలో పడింది.

పుస్తకానిదే తప్పు

శ్రావణంలో పెద్దలొచ్చారు. కుండీలకు సున్నం కొట్టి వరుసగా పెట్టాం. ఫొటోలు తీసుకున్నారు. ఆ ఏడాది నాకు మెచ్చుకోలు పత్రం వచ్చింది, విదేశీ మొక్కను శ్రద్ధగా కాపాడినందుకు. నా భార్య దాన్ని ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించింది.

పెద్దసారు దగ్గర ఆ మొక్క గురించి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది. దాంట్లో రాసినదానికీ మా కుండీల్లో ఉన్నదానికీ పొంతన కుదిరేది కాదు. ఆకు జిగటగా ఉంటుందని పుస్తకం. మాదాన్ని పట్టుకుంటే కాస్త నూగు తగిలేది, అంతే. మన గాలిలో తేమెక్కువ, జిగురు కడుక్కుపోయిందన్నాడు పెద్దసారు. పువ్వు పగలంతా విచ్చుకుని ఉంటుందని పుస్తకం. మాది సాయంత్రం విచ్చుకుని, ఎండెక్కేసరికి ముడుచుకునేది. చూడ్డానికొచ్చినవాళ్లందరూ పదకొండు గంటలకు వచ్చేవారు కాబట్టి ముడుచుకున్న పువ్వునే చూసి వెళ్లేవారు. నీళ్లు ఆదా చేసుకుంటోందండీ, ఎడారి బుద్ధి పోలేదు అని వాళ్లకు వివరించేవాడు. మొక్క రెండుమూడేళ్లు బతుకుతుందని పుస్తకం. మాది కాయలు పండగానే చచ్చేది, మళ్లీ గింజలు చల్లుకునేవాళ్లం. వాతావరణానికి అలవాటు పడిందన్నాడు.

ఇట్లా ప్రతిసారీ పుస్తకానిదే తప్పయ్యేది. పెద్దసారు అబద్ధం చెప్పే మనిషని అనుకోవద్దు. ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. అబద్ధాలాడే ఆఫీసరుతో ఎట్లాగో నెగ్గుకురావచ్చు, నమ్మే ఆఫీసరుతో చాలా కష్టం. రెండో ఏడాది ఆ మొక్క మీద ఒక పత్రికలో వ్యాసం అచ్చేయించి, మా గింజల్ని పొట్లాలు కట్టి, ఎడారి పొగాకు అని రాసి, వేరే రాష్ట్రాల్లోని రెండు కేంద్రాలకు కూడా పంపాడు. పొట్లాల మీద రాసింది నా చేతిరాతే.

మూడో ఏడాది శీతాకాలంలో ఇసుక కావాల్సి వచ్చింది. మామూలుగా కూలీలే తెచ్చేవాళ్లు. ఆ రోజు వాళ్లందరూ ఆకు కోతలో ఉంటే ట్రాక్టరుతో నేనే వాగుకు పోయాను. నీళ్లు తీసిపోయి, గట్టు పొడుగునా తడి ఇసుక మీద మొక్కలు లేచి పూతమీద ఉన్నాయి. ఎండకు పూలన్నీ ముడుచుకుని ఉన్నాయి. మేకలు వాటి మధ్యలోంచి నడుచుకుంటూ పోతున్నాయి, ఒక్కటీ మూతి పెట్టడం లేదు.

ట్రాక్టరు దిగి ఒకదాన్ని పీకి చూశాను. ఆకు, కాండం, కాయ, నూగు, అన్నీ ఒకటే. మా పన్నెండు కుండీలకు మూడేళ్లుగా నీళ్లు పోసి, పేనుబంక ఏరి, వేరే పుప్పొడి అంటకుండా పువ్వు పువ్వుకూ కాగితపు సంచి తొడిగి నేను కాపాడుతున్నది ఈ వాగు కలుపును. అసలు గింజలు మొదటి ముసురుకే కుళ్లిపోయాయి. ఆ తర్వాత లేచింది ఇసుకతోబాటు కుండీలోకొచ్చిన విత్తనం.

వెంటనే పోయి చెప్పి ఉండాల్సింది. ఇసుక నింపుకుని, పీకిన మొక్కను కూడా ట్రాక్టరులో పడేసుకుని వచ్చి, చేతులు కడుక్కుని, అన్నం తిన్నాను. ముందుగదిలో ఫ్రేము కనిపిస్తూనే ఉంది. నెలలోనో రెండు నెలల్లోనో పెద్దసారుకు బదిలీ అవుతుంది, కొత్తాయన దీన్ని పట్టించుకోడు, కుండీలు ఎండగడదాం, ఎవరికీ నొప్పి ఉండదు అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇరవై

బదిలీ రాలేదు. స్వరూప వచ్చింది.

స్వరూప వాళ్ల నాన్న మణుగూరులో బొగ్గుబాయి కార్మికుడు. కాలనీలో పెరిగి, యూనివర్సిటీలో పీహెచ్‌డీలో చేరింది. మా ఎడారి పొగాకునే తన పరిశోధనకు ఎంచుకుంది. రోజూ పొద్దున బస్సులో వచ్చేది. మాట సూటి, నవ్వు పెద్దది, మైక్రోస్కోప్ ముందు కూర్చుంటే ఆకలి గుర్తుండేది కాదు.

ఆమె మొదటి పని ఆ మొక్క కణంలో క్రోమోజోములు లెక్కపెట్టడం. వేరు కొసలు కోసి, రంగు పట్టించి, గాజుపలక మీద నలిపి చూడాలి. ఎడారి పొగాకుకు ఇరవైనాలుగు ఉండాలని పుస్తకం. స్వరూపకు ఇరవై వచ్చాయి. మళ్లీ చేసింది, ఇరవై. పెద్దసారుకు చెప్తే, నాలుగు ఎక్కడో ఒకదాని కింద ఒకటి దాక్కుని ఉంటాయి, ఇంకోసారి లెక్కపెట్టు అన్నాడు. ఇంకోసారి కాదు, నాలుగు నెలలు లెక్కపెట్టింది. రంగు మార్చింది, కోసే టైము మార్చింది, కుండీలు మార్చింది. ఆ నాలుగూ ఎక్కడా దొరకలేదు. పిల్ల చిక్కిపోయింది. టిఫిన్ డబ్బా తెరవకుండానే తిరిగి తీసుకుపోయేది.

నేను రోజూ ఆమెకు కుండీల్లోంచి వేరు కొసలు కోసి ఇస్తూనే ఉన్నాను. నాకు తెలుసు. రోజూ పొద్దున తొమ్మిదింటికి, వాగు కలుపు వేళ్లు కోసి, ఎడారి పొగాకు అని రాసిన సీసాలో వేసి, ఆ పిల్ల చేతికిచ్చాను.

ఒకరోజు యూనివర్సిటీ నుంచి ఇద్దరు ప్రొఫెసర్లు వచ్చారు. వాళ్ల ముందు పెద్దసారు, అమ్మాయి కష్టపడుతుంది గాని చెయ్యి తిరగలేదండీ, లెక్కే రావడం లేదు, ఈ పనికి పనికిరాదేమోనని యూనివర్సిటీకి రాద్దామనుకుంటున్నాను అన్నాడు. స్వరూప తలుపు దగ్గరే నిలబడి ఉంది. బయటికొచ్చి కుళాయి దగ్గర చాలాసేపు మొహం కడుక్కుంది.

ముత్తమ్మ అక్కడే బోళ్లు తోముతోంది. కాసేపటికి నా దగ్గరికొచ్చి నిలబడింది. ఆమెకు క్రోమోజోముల సంగతి తెలీదు. కుళాయి దగ్గరి సంగతి తెలుసు. ట్రాక్టరులో వాగు నుంచి నేను పీక్కొచ్చిన మొక్కను షెడ్డు వెనక పారేసింది కూడా ఆమే.

"నువ్వు జెప్తవా సారు, నన్ను జెప్పమంటవా?"

చెప్పిన తర్వాత

నేనే చెప్పాను. ప్రొఫెసర్లు వెళ్లాక పెద్దసారు గదిలోకి పోయి, వాగు గట్టు మొక్కనూ కుండీ మొక్కనూ పక్కపక్కన బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. "ఇది ఇంకెవరికి తెలుసు?" అని అడిగాడు. ముత్తమ్మకు తెలుసు సార్, మేకలకు గూడ తెలుసు అన్నాను. హాస్యమాడాలని అనలేదు. భయంలో నోటికి అదే వచ్చింది.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. మెల్లగా, ఇన్నేళ్ల పని, రెండు కేంద్రాలకు పంపిన విత్తనం, అచ్చయిన వ్యాసం, అన్నీ ఆలోచించు నర్సయ్యా, నేను వెళ్లిపోయేదాకా ఆగు అన్నాడు. వాగు నుంచి వచ్చిన రోజు నేను అనుకున్నదీ అదే మాట. నా ఆలోచనే ఆయన నోటి నుంచి వింటుంటే ఎంత అసహ్యంగా ఉందో చెప్పలేను.

ఆ మధ్యాహ్నం స్వరూపకు చెప్పాను. లెక్క తప్పలేదు బిడ్డా, మొక్కే తప్పు అన్నాను. ఆమె మొహం ముందు వెలిగింది. అంతలోనే ఏదో తట్టి, "మీకెప్పటి సంది తెలుసు సార్?" అని అడిగింది.

నువ్వు రాకముందు నుంచే అన్నాను.

"తెలిసీ సప్పుడు జెయ్యలే గదా" అంది. సంచి తీసుకుని బస్సుకు వెళ్లిపోయింది.

తర్వాత విత్తనం పంపిన రెండు కేంద్రాలకూ నా పేరుతో ఉత్తరాలు రాశాను, మేం పంపినది ఎడారి పొగాకు కాదు, కలుపు అని. ఒక కేంద్రం జవాబివ్వలేదు. రెండోదాని జవాబు నా దగ్గర ఉండి ఉంటే మీకు చూపించేవాణ్ని. తాము ఆ మొక్కను పరీక్షించామని, నీటి ఎద్దడిని అద్భుతంగా తట్టుకుంటోందని, నివేదికలో కూడా చేర్చామని, దయచేసి అయోమయం సృష్టించవద్దని రాశారు. కలుపు దేన్నైనా తట్టుకుంటుంది. వాళ్లు చెప్పింది నిజమే.

పైవాళ్లకు చెప్పకుండా ఉత్తరాలు రాసినందుకు నాకు మెమో వచ్చింది. కుండీల పని తీసేసి, ఆకు ఎండబెట్టే బ్యారన్ దగ్గర కట్టెల కాపలాకు వేశారు.

బ్యారన్ వేడి

శిక్ష వేసేవాళ్లు అప్పుడప్పుడు తెలియకుండా మేలు చేస్తారు. బ్యారన్ అంటే పొగాకును వేడి గాలితో ఆరబెట్టే ఎత్తయిన గది. ఆ వేడి పక్కన రోజంతా కూర్చుంటే నా బుర్రకు ఒక సంగతి తట్టింది. మట్టిని ఇందులో పెట్టి మాడిస్తే, దాంట్లో ఏ కలుపు గింజా బతకదు.

అసలు గింజలు ఇంకా ఉన్నాయి. పొగాకు నారు పోసేవాడు ఎప్పుడూ చేతిలో ఉన్న విత్తనమంతా ఒక్కసారే చల్లడు. ఇది మా తాత చెప్పింది, డిప్లొమాలో చెప్పింది కాదు. మొదటి ఏడాది పెద్దసారు ఇచ్చిన పొట్లంలో సగం అప్పుడే మందుల సీసాలో పోసి ఫ్రిజ్‌లో అడుగున దాచాను. ఈ లోపల స్వరూప జరిగినదంతా తన గైడుకు రాసింది. అసలు మొక్క చూపించమని ఆయన మా ఆఫీసుకు రాశాడు. దాంతో పెద్దసారు ఇంకోసారి చల్లడానికి ఒప్పుకోక తప్పలేదు. ఎట్లా పెంచాలో నన్ను అడగమని మాత్రం ఎవరికీ చెప్పలేదు. స్వరూప నాతో మాట్లాడటం మానేసింది కాబట్టి తనూ అడగలేదు.

అడగకపోయినా పోయి నిలబడ్డాను. అక్కణ్నుంచి మా ఇద్దరికీ మధ్యవర్తి ముత్తమ్మ. ముగ్గురం ఒకే షెడ్డులో, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండేవాళ్లం. స్వరూప ముత్తమ్మ వైపు తిరిగి, "ఆ కుండీ ఎండల వెట్టమను సార్‌ను" అనేది. ముత్తమ్మ నా వైపు తిరిగి, "ఎండల వెట్టుమంటుంది" అనేది. నేను ముత్తమ్మతో పెట్టానని చెప్పేవాణ్ని. ఆమె ఆ మాటను తిరిగి మోసుకుపోయేది. రెండు వారాలయ్యాక విసుగొచ్చి, నాకు దీనికి వేరే కూలి ఇయ్యాలె అంది.

ఈ మొక్కను పెంచేవాళ్లకు పనికొస్తుంది కాబట్టి, మేం చేసింది చెప్తాను. ఈసారి దసరా దాటి, వానలు వెనక్కి పోయాక చల్లాం. ఎరువు జోలికి పోలేదు. గుట్ట దగ్గరి మొరం తెచ్చి, పెంకు ముక్కలు, ఇటుక పొడి కలిపి, రేకుల మీద పరిచి బ్యారన్‌లో మాడ్చాం. వాగు ఇసుక ఒక్క రేణువు కూడా వేయలేదు. ఆ మొరంలోంచే మెత్తటిది జల్లెడ పట్టి, దాంట్లో విత్తనం కలిపి పైపైన చల్లాం. మట్టి కప్పలేదు, ఈ గింజకు వెలుతురు తగలాలి. నీళ్లు పైనుంచి పోయలేదు, కుండీలను నీళ్ల తట్టలో నిలబెట్టి అడుగు నుంచి పీల్చుకోనిచ్చాం. మొలిచాక నీళ్లు తగ్గించేశాం. ఎప్పుడు పోయాలన్నది ముత్తమ్మ చేతిలో పెట్టాం. ఆమె కుండీని ఎత్తి చూసి, బరువుంటే దించేది, తేలికైతే తట్టలో పెట్టేది. పెద్దసారు దగ్గర తేమ కొలిచే మిషన్ ఒకటి ఉండేది గాని దానికి బ్యాటరీ ఉండేది కాదు.

ఇరవై రోజుల దాకా ఏమీ మొలవలేదు. పెద్దసారు రోజూ వచ్చి, ఖాళీ కుండీలు చూసి వెళ్లేవాడు. ఆయన మొహంలో కొంచెం ఆశ కనిపించేది. మొలవకపోతే ఆయనకు సుఖం. తర్వాత పదకొండు మొలిచాయి. నాలుగు బతికాయి. వాటిని రేకుల కింద, వాన జల్లు తగలకుండా, ఎండ మాత్రం తగిలేలా పెట్టి, పసిపిల్లల్ని చూసినట్టు కాకుండా అత్తగారి బంధువుల్ని చూసినట్టు చూశాం. అంటే మరీ పట్టించుకోకుండా.

అసలు ఎడారి పొగాకు ఎట్లా ఉంటుందో అప్పుడు చూశాను. అంత వికారమైన మొక్కను నేను చూడలేదు. పొట్టిగా, గుబురుగా, కాండాన్ని కావలించుకున్న ఆకులు, ముట్టుకుంటే బంకలా వేళ్లకు అంటుకునేది, వాసన మేకపోతు వాసన. దోమలు, ఈగలు దానికి అతుక్కుపోయి కాళ్లు కొట్టుకునేవి. పువ్వు చిన్నది, పాలిపోయింది, మిట్ట మధ్యాహ్నం కూడా నోరు తెరుచుకునే ఉంది. మా కలుపు దాని ముందు మహారాణి. పెద్దసారు మూడేళ్లు ఆ కలుపునే నమ్మడంలో ఆశ్చర్యం లేదనిపించింది.

ఇరవైనాలుగు

స్వరూప వేరు కొసలు తనే కోసుకుంది. ఈసారి నన్ను నమ్మలేదు, తప్పులేదు. నేను షెడ్డు బయట కట్టెలు పేరుస్తున్నాను. తర్వాత తలుపు దగ్గరికొచ్చింది.

"సార్, జర వచ్చి చూడుండ్రి" అంది. ముత్తమ్మకు చెప్పి పంపలేదు.

మైక్రోస్కోప్‌లోకి వంగి చూశాను. నాకు లెక్కపెట్టడం రాదు, కళ్లలో నీళ్లుంటే అసలే రాదు. ఇరవైనాలుగున్నయా అని అడిగాను. ఉన్నయ్ అంది. నేను క్షమించమని అడగాలనుకున్నాను. నోరు తెరిచేలోగా, "నాకు సంవత్సరం వోయింది సార్. మీరు చెప్పకపోతే ఇంకా పోతుండె. రెండూ యాదుంటయ్ నాకు" అంది. అంతకంటే ఎక్కువ నేనూ ఆశించలేదు.

ముత్తమ్మ కూడా చూస్తానంది. కన్ను పెట్టి, పురుగుల్లెక్క ఉన్నయ్ అంది. తనలో కూడా ఇవి ఉంటాయా అని అడిగింది. మనుషులందరికీ నలభై ఆరు ఉంటాయని స్వరూప చెప్పింది. పెద్దసారుకు కూడా అంతేనా అని అడిగింది. అంతే.

ముత్తమ్మ మైక్రోస్కోప్ వదిలి లేచింది. "సారుయి ఇంకోపారి లెక్కవెట్టు బిడ్డా" అంది. ఆ షెడ్డులో స్వరూప నవ్వగా విని ఏడాది దాటింది.

పెద్దసారు ఆ మరుసటి వేసవిలో బదిలీ మీద వెళ్లాడు. వెళ్లే ముందు తన వ్యాసం తప్పని పత్రికకు ఉత్తరం రాశాడని, అది అచ్చయ్యాక చూసి స్వరూప చెప్పింది. ఆయన మాత్రం నాకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. నేను ఆయన్ను తక్కువ అంచనా వేశానని ఒప్పుకోవాలి. స్వరూపను పిలిచి మాత్రం తప్పయిందని ఒక్క మాట అనలేదు. ఒకటి చేసినవాడు రెండోది ఎందుకు చేయలేకపోయాడో నాకిప్పటికీ తెలీదు. ముత్తమ్మ రోజుకూలీగానే ఉండిపోయింది. ఆమెను పర్మనెంట్ చేయమని నేను రాసిన రెండు దరఖాస్తులకూ జవాబు రాలేదు. మా మెచ్చుకోలు పత్రాల్లో ఆమె పేరు ఎప్పుడూ లేదు. ఈ ఉద్యోగం గురించి నాకున్న కోపమంతా అక్కడే ఉంది.

స్వరూప ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఒక పరిశోధన కేంద్రంలో పెద్ద సైంటిస్టు. ఏడాదికి రెండుమూడుసార్లు ఫోన్ చేస్తుంది. మొన్న చేసినప్పుడు గొంతులో కంగారు ఉంది. వాళ్ల కేంద్రంలో ఏదో అడవి వంగ రకాన్ని పెంచుతున్నారట. మంచి పేరున్న చోటు నుంచి వచ్చిన విత్తనమట, కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయట. ఎందుకో ఆకు చూస్తే అనుమానంగా ఉందట. ఆకు ఎట్లా ఉందో, ముల్లు ఎట్లా ఉందో, కాయ ఏ రంగో అంతా వివరించి, మీకేమనిపిస్తుంది సార్ అంది.

నాకు వంగ గురించి పెద్దగా తెలీదు బిడ్డా అన్నాను. అక్కడ కలుపు తీసే ఆమెను అడిగినవా అన్నాను.

"అడిగిన. అది గాదంటుంది."

"అయితే అది కాదు" అన్నాను.